స్పీడ్ టెస్ట్ వంద చూపిస్తుంది, కాల్ మాత్రం తెగుతుంది: గోదావరి డెల్టా ఇళ్లలో నెట్ ఆలస్యం ఎక్కడ పుడుతోంది?

రోజంతా నెట్ రాకపోతే అదొక రకం సుఖం. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే మనిషి వస్తాడు, బాక్సు మీద ఎర్ర లైటు చూస్తాడు, తెగిన చోట జాయింట్ వేసి వెళ్తాడు. తంటా అంతా వచ్చిపోయే లోపంతోనే. మధ్యాహ్నం బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్‌లో మాట ముక్కలవుతుంది. మర్నాడు మనిషి వచ్చి స్పీడ్ టెస్ట్ పెట్టేసరికి వంద ఎంబీపీఎస్ వస్తుంది. "మా సైడంతా ఓకేనండి, ఓసారి మీ ఫోన్ చూసుకోండి" అని వెళ్లిపోతాడు. భీమవరంలో అపార్ట్‌మెంటైనా, అమలాపురం అవతల కొబ్బరితోటలో డాబా అయినా ఇదే వరస.

ఆ మనిషి అబద్ధం చెప్పినట్టేమీ కాదు. స్పీడ్ టెస్ట్ కొలిచేది పది పదిహేను సెకన్లలో ఎంత డేటా దిగిందన్నది మాత్రమే. దగ్గర్లోని సర్వర్‌ని ఎంచుకుని, ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి లాగుతుంది. మధ్యలో ఒక సెకను లైన్ బిగుసుకున్నా సగటులో కలిసిపోతుంది. కాల్ మాట్లాడేవారిని, గేమ్ ఆడేవారిని, ఆన్‌లైన్ పరీక్ష రాసేవారిని పట్టుకునేది సరిగ్గా ఆ సెకనే. అందుకే ఇలాంటి లోపానికి పెద్ద ప్లాన్ తీసుకోవడం చాలాసార్లు డబ్బు దండగ. యాభై నుంచి రెండొందలకు మారినా ఆలస్యం ఉన్నచోటే ఉంటుంది.

ముందుగా ఎంత ఆలస్యం మామూలో తెలియాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి ఒక మిల్లీసెకను. రాజమండ్రి నుంచి హైదరాబాద్ 400 కిలోమీటర్ల చిల్లర కాబట్టి దూరానికి పట్టేది నాలుగైదు మిల్లీసెకన్లే. తీగ చుట్టు తిరిగి పోవడం, దారిలోని పరికరాలు, అన్నీ కలిపినా 10 నుంచి 25 మధ్య ఉండాలి. అమెరికా సర్వర్‌కి 200 దాటిందంటే అది దూరం వల్లే, ఏ రౌటర్ కొన్నా తగ్గదు. హైదరాబాద్, చెన్నైలలోని సర్వర్లకు ఉండుండి 300 పడుతుంటేనే వెతకాల్సింది ఉన్నట్టు.

ముందు మూడు పింగ్‌లు

ఏ సెట్టింగూ మార్చకముందు, ఏ బాక్సూ ఆపి వేయకముందు కొలత తీయాలి. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుపడుతుంది, ఆధారం మాత్రం చెరిగిపోతుంది.

ల్యాప్‌టాప్‌లో మూడు కమాండ్ విండోలు తెరవాలి. ఒకదాంట్లో రౌటర్‌కి పింగ్, అంటే చిన్న డేటా ముక్కను (ప్యాకెట్‌ని) పంపి జవాబుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపే కమాండ్: చాలా ఇళ్లలో 192.168.1.1, కొన్నిట్లో 192.168.0.1 లేదా 192.168.100.1, అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. మూడోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్. రెండోది వీటి నడిమిది, ఆపరేటర్ వైపు మొదటి మజిలీ. 8.8.8.8కి ట్రేసర్ట్ (tracert, దారిలోని మజిలీలను వరసగా చూపే కమాండ్) కొడితే రెండో వరసలో కనిపించే అడ్రసు అదే. ఇంట్లో ఒకదాని వెనక ఒకటి రెండు రౌటర్లు ఉంటే అది మూడో వరసకు జరుగుతుంది. విండోస్‌లో చివర -t జోడిస్తే ఆపేదాకా సెకనుకు ఒకటి చొప్పున నడుస్తూనే ఉంటుంది. సమస్య వచ్చే వేళకు అరగంట ముందు మొదలుపెట్టి, మూడూ పక్కపక్కన కనపడేలా వదిలేయాలి.

తెగినప్పుడు మూడు విండోల వంకా చూడాలి. రౌటర్ పింగ్ 3, 2, 4, 187, 412, 3 అని ఎగిరితే లోపం ఇంటి నాలుగ్గోడల మధ్యే ఉంది. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. రౌటర్ నిలకడగా ఉండి రెండోది ఎగిరితే, లేదా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే, ఇంటి బాక్సుకూ ఆపరేటర్ గదికీ మధ్య తీగని అనుమానించాలి. ఇంటి లైన్ నిండిపోయినా ఇలాగే కనిపిస్తుంది, ఆ సంగతి కింద వస్తుంది. మొదటి రెండూ బాగుండి మూడోదే పెరిగితే ఇరుకు ఆపరేటర్ అవతల. ఈ ఒక్క పరీక్షతో సగం గాలింపు తప్పుతుంది.

ట్రేసర్ట్ చదవడంలో ఒక మెలిక ఉంది. మధ్య వరసలో ఎక్కడో 180 కనిపించి, చివరి వరసలో 18 ఉంటే ఆ 180ని పట్టించుకోనక్కర్లేదు. పెద్ద రౌటర్లు పింగ్‌కి జవాబివ్వడాన్ని ఆఖరి పనిగా పెట్టుకుంటాయి. పెరిగిన అంకె అక్కడి నుంచి చివరిదాకా కొనసాగితేనే దానికి అర్థం.

రౌటర్ పింగే ఎగురుతుంటే

ఇది వైఫై గొడవ. రూఢి చేసుకోవడానికి ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో బాక్సుకు కలిపి మళ్లీ చూడాలి. కేబుల్ మీద ఒకటీ అరా మిల్లీసెకన్లకు దిగి నిలబడిందంటే తేలిపోయినట్టే. ఫోన్‌తో చేసిన పింగ్‌ని నమ్మకూడదు. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ వైఫైని నిద్రపుచ్చుతూ ఉంటుంది, ఏ లోపం లేకపోయినా యాభై, వంద చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో గడియారం పెట్టినట్టు ఒకే విరామంతో ఎగిరితే, అది చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం వెతుక్కుంటోందని అర్థం. డ్రైవర్ అప్‌డేట్‌తో తరచూ పోతుంది.

మన ఇళ్లలో రౌటర్ ఉండే చోటే సగం సమస్య. కేబుల్ ఏ కిటికీలోంచి వస్తే అక్కడే, టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో మేకుకి తగిలించి పోతారు. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు దాటితే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసిస్తుంది. వైఫై అనలైజర్ యాప్‌లో కూర్చునే చోట సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం కన్నా మెరుగ్గా, అంటే సున్నాకు ఇంకా దగ్గరగా ఉంటే కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దాటి కిందికి పోతే ప్రతి ప్యాకెట్టూ రెండు మూడుసార్లు పంపాల్సి వస్తుంది, ఆలస్యం అక్కడే పుడుతుంది.

భీమవరం, కాకినాడ, తణుకు అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద ఇరవై ముప్ఫై ఇళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. అక్కడ ఛానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేయాలి. "ఆటో"కి వదిలేస్తే రౌటర్ 40 తీసుకుని పక్కింటివాళ్లతో కలిసి మునుగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మేలు. 52 నుంచి 144 మధ్య ఛానళ్లు రాడార్‌తో పంచుకునేవి. రాడార్ ఉందన్న అనుమానం వస్తే చాలు రౌటర్ ఆ ఛానల్ వదిలేయాలి, అలాంటి కొత్త ఛానల్‌లోకి పోవాలంటే కనీసం ఒక నిమిషం ఊరికే వినాలి. ఉన్నట్టుండి వైఫై మాయమై నిమిషం తర్వాత తిరిగొచ్చే ఇళ్లలో ముందు ఇది చూడాలి. రెండు బ్యాండ్లకు రెండు పేర్లు పెడితే ఫోన్ అటూ ఇటూ గెంతడమూ ఆగుతుంది.

పెద్ద ఇంటికి ఎనిమిది వందల రూపాయల రిపీటర్ పరిష్కారం కాదు. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. ఆ డబ్బుతో క్యాట్ 6 కేబుల్ గోడ వెంట లాగి, పాత రౌటర్‌ని అవతలి గదిలో పెట్టడం నయం. దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేసి, అడ్రసు 192.168.1.2 లాంటిది ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చాలి.

చెరువు గట్టు కెమెరాలు

డెల్టాలో ఇప్పుడు కెమెరాలు పెట్టించుకున్న ఇళ్లు తక్కువేమీ కాదు. రొయ్యల చెరువుల గట్ల మీద, ధాన్యం గోదాముల్లో, విదేశాల్లో ఉన్న పిల్లలు పెట్టించిన పెద్దవాళ్ల ఇళ్లలో, చాలాచోట్ల నాలుగేసి కెమెరాలు. ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున క్లౌడ్‌కి పంపితే మొత్తం 8. ప్లాన్‌లో అప్‌లోడ్ 10 మాత్రమే అయితే మిగిలింది రెండే. దానికి తోడు రాత్రి ఫోన్లు చార్జింగ్‌కి పెట్టగానే ఫోటోల బ్యాకప్ మొదలవుతుంది.

అప్‌లోడ్ నిండినప్పుడు ప్యాకెట్లు వెంటనే పారేయబడవు, బాక్సులోని మెమరీలో వరస కడతాయి. ఆ వరసలో ఒక మెగాబైట్ పోగైతే 10 ఎంబీపీఎస్ లైన్ మీద అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. వీడియో కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ ఆ వరస చివర నిలబడాల్సిందే. పింగ్ 15 నుంచి 800కి ఎగబాకేది ఇందుకే. డౌన్‌లోడ్ కూడా నెమ్మదిస్తుంది, ఎందుకంటే దిగిన డేటా అందిందని చెప్పే రసీదులు పోవాల్సింది ఆ అప్‌లోడ్ దారినే. దీన్ని నెట్‌వర్క్ ఇంజనీర్లు బఫర్‌బ్లోట్ అంటారు.

తేల్చుకోవడం తేలిక. 8.8.8.8కి పింగ్ నడుస్తుండగా ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియోని డ్రైవ్‌కి ఎక్కించాలి. పింగ్ ఇరవైలోనే ఉంటే ఈ లోపం లేదు. వందలు దాటి, అప్‌లోడ్ ఆపగానే రెండు సెకన్లలో దిగొస్తే ఇదే. చాలా ఇళ్లలో "రాత్రి పూట నెట్ స్లో" అనేదాని అసలు కారణం ఆపరేటర్ కాదు, ఇంటి చూరు కింది కెమెరాలే.

పైసా ఖర్చు లేని మందు కెమెరా సెట్టింగుల్లోనే ఉంది. రికార్డింగ్ డీవీఆర్ హార్డ్‌డిస్క్‌లోకే పోవాలి. బయటికి సబ్‌స్ట్రీమ్ (తక్కువ స్పష్టత ఉన్న వీడియో) మాత్రం, వీడియోను బాగా కుదించే హెచ్.265లో, 512 కేబీపీఎస్‌కి మించకుండా. ఫోటోల బ్యాకప్‌ని ఒక ఫోన్ తర్వాత ఒకటిగా తెల్లవారుజాముకు నెట్టాలి. అదీ చాలకపోతే రౌటర్‌లో వరస నియంత్రణ కావాలి. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులు ఒక్కో కనెక్షన్‌కి వేరే వరస కట్టి చిన్న ప్యాకెట్లను ముందు వదులుతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టే రౌటర్‌లో ఎస్‌క్యూఎం అన్న పేరుతో ఇది దొరుకుతుంది. కేబుల్ మీద కొలిచిన వేగంలో 90 శాతం అంకెలను, అప్‌లోడ్‌కి వేరుగా, డౌన్‌లోడ్‌కి వేరుగా ఇవ్వాలి. ఆ పది శాతం వదులుకోవడం చాలామందికి మనసొప్పదు, కానీ అది వదులుకోకపోతే వరస ఆపరేటర్ బాక్సులోకి పోయి మన చేతిలోంచి జారిపోతుంది. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీలో (ఫైబర్ తీగ వచ్చి చేరే బాక్సులో) సాధారణంగా ఈ సదుపాయం ఉండదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మాని లైన్‌ని ముందుకు అందించేలా) పెట్టించి, ఆపరేటర్ లైన్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని సొంత రౌటర్‌లో వేసుకోవాలి.

స్తంభం నుంచి కిటికీ దాకా

రౌటర్ పింగ్ నిలకడగా ఉండి, ఇంట్లో ఎవరూ ఏదీ ఎక్కించకపోయినా రెండో పింగ్ తప్పుతుంటే చూడాల్సింది తీగ. డెల్టాలో ఫైబర్ ఎక్కువగా గాల్లోనే పోతుంది: కరెంటు స్తంభాల మీదుగా, అవి లేనిచోట కొబ్బరి చెట్టుకు కట్టి, కాలువ దాటించి. మట్ట పడితే తీగ సాగుతుంది, ఉడత కొరుకుతుంది, గాలికి ఊగి ఊగి బిగింపు దగ్గర మడతపడుతుంది. పూర్తిగా తెగితే ఎర్ర లైటు వెలుగుతుంది. సగం దెబ్బతింటే లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, ఇబ్బందల్లా అక్కడే.

ఓఎన్‌టీ పేజీలో లాగిన్ అయి స్టేటస్ కింద పాన్ లేదా ఆప్టికల్ అన్న చోట ఆర్‌ఎక్స్ పవర్ అనే అంకె ఉంటుంది, మన బాక్సుకు అందే కాంతి బలం అదే, డీబీఎంలలో. జీపాన్ (ఒక తీగను చీల్చి చాలా ఇళ్లకు ఇచ్చే ఫైబర్ పద్ధతి) లైన్‌లో అది మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. ఎక్కువ ఓఎన్‌టీలకు హద్దు మైనస్ 27. ఈ అంకె ఎలా తయారవుతుందో చూస్తే లోపం ఎక్కడుందో ఊహించడం సులువు. ఆపరేటర్ గదిలో ఇళ్ల తీగలన్నిటికీ కాంతి పంపే పెట్టె, ఓఎల్‌టీ, సుమారు ప్లస్ 3 డీబీఎంతో పంపుతుందనుకుందాం. దారిలో ఎనిమిది చీలికల స్ప్లిట్టర్లు రెండుంటే ఒక్కోటి పదిన్నర చొప్పున 21 డీబీ తింటాయి. ఐదారు కిలోమీటర్ల గాజుకు రెండు లోపు, జాయింట్లకూ కనెక్టర్లకూ మరొకటి. ఇంటికి చేరేది మైనస్ 21 దరిదాపుల్లో. అంటే చేతిలో మిగిలింది ఆరు డీబీ. మూడు డీబీ పోయిందంటే కాంతి సగమైనట్టు. చేత్తో బిగించిన ఫాస్ట్ కనెక్టర్ ఒకటి వదులై, కిటికీ ఊచ దగ్గర తీగ వేలెడంత ఇరుకుగా వంగితే ఆ ఆరూ హారతి కర్పూరమే.

హద్దు దగ్గర లైన్ తెగిపోదు, తప్పులతో నడుస్తుంది. ప్యాకెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పోతాయి, పోయిందల్లా మళ్లీ పంపాల్సి వస్తుంది, పంపే సర్వర్ దారి ఇరుగ్గా ఉందనుకుని వేగం తగ్గిస్తుంది. గాలి వీచినప్పుడు, వాన పడ్డప్పుడు ఎక్కువవుతుంది. కాబట్టి ఒక్కసారి చూసిన అంకె చాలదు. ఎండ వేళ ఒకసారి, గాలీవానా ఉన్నప్పుడు ఒకసారి, కాల్ తెగినప్పుడు ఒకసారి రాసుకోవాలి. మైనస్ 20, మైనస్ 20, మైనస్ 25.5 అని వస్తే మాట్లాడాల్సిన పని లేదు, ఎక్కడో జాయింట్ కదులుతోంది. ఒకే తీగలో అటూ ఇటూ నడిచే రెండు కాంతుల్లో, మన ఇంటి వైపు దిగువకు వచ్చే 1490 నానోమీటర్ల కాంతి వంపుకి ఎక్కువ నష్టపోతుంది, ఎగువకు పోయే 1310 తక్కువ. మన వైపు అంకె పడిపోయి ఓఎల్‌టీలో మన బాక్సు అంకె పెద్దగా మారకపోతే వంపు ఉందని అనుభవమున్న టెక్నీషియన్ పట్టేస్తాడు.

ఇంట్లోవాళ్లు చేయదగ్గవి కొన్నే. గోడ మూల దగ్గరా, బాక్సు వెనకా తీగ గ్లాసు చుట్టుకొలతకన్నా ఇరుగ్గా చుట్టుకోకుండా చూడాలి. మేకు కొట్టి నొక్కేసిన క్లిప్పుల్ని వదులు చేయాలి. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీలు వాలుగా, నీలంది చదునుగా ఉంటుంది. పచ్చదాన్ని నీలం సాకెట్‌లో గుచ్చి వెళ్లిన ఇళ్లు లేకపోలేదు, అలాంటి జోడీ నడిచినా నష్టంతోనే నడుస్తుంది. కనెక్టర్ పీకితే కొసను చొక్కాతో తుడవకూడదు, కొసలోకి చూడకూడదు. అందులో కాంతి కంటికి కనపడదు గాని ఉంటుంది. మిగతాదంతా ఆపరేటర్ పని: ఫాస్ట్ కనెక్టర్ తీసేసి ఫ్యూజన్ స్ప్లైసింగ్ (కొసలు కరిగించి అతకడం) చేయమని, స్తంభం మీది డబ్బాలో చీమలగూడు, నీళ్లు చూడమని అడగాలి. ఒకే స్ప్లిట్టర్ మీదున్న నాలుగిళ్లకూ ఒకే నిమిషంలో తెగుతుంటే మన తీగ జోలికి పోనక్కర్లేదు. వాటిలో ఏదో ఒక ఓఎన్‌టీ చెడి తన వంతు కాని వేళల్లోనూ కాంతి వదులుతూ అందరినీ చెడగొట్టవచ్చు. ఒక్కోటీ ఆపి చూస్తేనే దొరుకుతుంది.

లంక గ్రామాల్లో కొన్నిచోట్ల ఏటి మీదుగా 5 గిగాహెర్ట్జ్ రేడియో లింక్‌తో నెట్ తెస్తారు. అవతలి టవర్ కంటికి కనిపిస్తే చాలదు. 2 కిలోమీటర్ల లింక్‌కి నడిమధ్యన, చూపు గీత చుట్టూ సుమారు 5 మీటర్ల వ్యాసార్థం మేర రేడియో తరంగం పరుచుకుంటుంది, అందులో కనీసం మూడు మీటర్లు ఖాళీగా ఉండాలి. మూడేళ్ల కింద బిగించినప్పుడు లేని కొబ్బరి మొవ్వు ఇప్పుడు అందులోకి ఎదిగి ఉంటుంది. తడిసిన ఆకు పొడి ఆకు కన్నా ఎక్కువ అడ్డు. వాన రోజు మాత్రమే చెడిపోయే లింక్‌కి డిష్ మార్చేకన్నా ముందు దారిలో చెట్టు చూసుకోవాలి.

కరెంటు, కేబుళ్లు, చిల్లర

చెరువుల్లో ఏరేటర్లు వేసే వేళకి నెట్ పోతుందంటే లో వోల్టేజీ అని అందరూ అనేస్తారు. అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటుంది, 170కి పడ్డా మంచి అడాప్టర్‌కి లెక్కలేదు. చెడిపోయేది నాలుగైదేళ్ల పాత అడాప్టర్. లోపలి కెపాసిటర్ ఎండిపోయి, 12 వోల్టులు ఇవ్వాల్సింది భారం పడగానే కుంగుతుంది. రౌటర్ పేజీలో అప్‌టైమ్ చూస్తే బయటపడుతుంది. నిన్న ఆపకపోయినా అది రెండు గంటలే చూపిస్తే బాక్సు తనంతట తానే రీస్టార్ట్ అయింది. అదే వోల్టేజీ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు ఉన్న కొత్త అడాప్టర్ పెట్టాలి. ఇన్వర్టర్ మారే క్షణానికి పడిపోయే బాక్సులకు 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు.

అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి గాజు తీగ చెడదు, ల్యాన్ పిన్నులు నల్లబడతాయి. వేగం ఎప్పుడు చూసినా 94 దగ్గర కొట్టి ఆగిపోతుంటే నాలుగు జతల్లో ఒకటి పోయి పోర్టు 100కి దిగిందని గుర్తు. కేబుల్ మార్చాలి.

పేజీ తెరుచుకోవడానికి మూడు సెకన్లు ఆలోచించి తర్వాత జోరుగా దిగితే డీఎన్‌ఎస్ (సైటు పేరును అడ్రసుగా మార్చే సేవ) మందం. రౌటర్‌లో 1.1.1.1, 8.8.8.8 ఇవ్వాలి. కొన్ని సైట్లే వేలాడుతుంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు, బైట్లలో) చూడాలి. పీపీపీఓఈ మీద అది 1492. విండోస్‌లో పింగ్‌కి -f -l 1464 జోడిస్తే పోవాలి, 1465కి ఆగాలి. 1464కే ఆగితే విలువ ఇంకా తగ్గించాలి.

ఆపరేటర్ దగ్గరే ఇరుకైతే

ఇంట్లో అన్నీ సరిగ్గా ఉండి, ఆర్‌ఎక్స్ పవర్ కదలకుండా, రోజూ రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా మూడో పింగ్ పెరిగి, ఆదివారాలూ సంక్రాంతి వారమూ మరీ ఎక్కువైతే కారణం ఒకటే. ఆపరేటర్ బయటికి కొన్న లైన్ చాలడం లేదు. 1 జీబీపీఎస్ లింక్ మీద 400 ఇళ్లుంటే, అందరూ ఒకేసారి లాగితే ఇంటికి దక్కేది రెండున్నర ఎంబీపీఎస్. పగలు ఎవరూ ఉండరు కాబట్టి స్పీడ్ టెస్ట్ వంద చూపిస్తుంది.

దీనికి రౌటర్ మార్చడం, డీఎన్‌ఎస్ మార్చడం పనికిరావు. ఫిర్యాదు రాసేటప్పుడు "నెట్ స్లో" అని రాస్తే స్పీడ్ టెస్ట్ చూపించి మూసేస్తారు. "కేబుల్ మీద, ఇల్లు ఖాళీగా ఉండగా, రాత్రి 8:10 నుంచి 8:40 దాకా ఆపరేటర్ మొదటి మజిలీకి 4, 8.8.8.8కి 240, పోయిన ప్యాకెట్లు నూటికి ఆరు, ఆర్‌ఎక్స్ మైనస్ 20" అని రాసి స్క్రీన్‌షాట్ జోడిస్తే అది ఊరి కుర్రాడిని దాటి నెట్‌వర్క్ చూసేవాళ్ల దాకా పోయే అవకాశం ఉంది. వారం పాటు ఇవే అంకెలు వస్తే కంపెనీ మార్చడం గురించి ఆలోచించవచ్చు. అయితే ఊళ్లలో రెండు మూడు పేర్లతో అమ్మేది ఒకే ఆపరేటర్ తీగ కావచ్చు. డబ్బు కట్టకముందు, కొత్త కనెక్షన్ ఇప్పటికే ఉన్న పక్కింట్లో రాత్రి తొమ్మిదింటికి ట్రేసర్ట్ కొట్టి చూడాలి. మూడు, నాలుగు వరసల్లో మన ఇంట్లో కనిపించే అడ్రసులే అక్కడా కనిపిస్తే బిల్లు మీద పేరు తప్ప ఏమీ మారదు.